ముప్పై ఒక్క కిలోలు

నేను దాల్కావె రేవులో దిగినప్పటినుంచీ వానే.
ఆల్చిప్పల సహకార సంఘం ఆఫీసు
నీళ్లలో గుంజల మీద నిలబడ్డ చెక్క ఇల్లు.
పోటు వచ్చినప్పుడల్లా
నా ల్యాప్‌టాప్ కింద సముద్రం పక్క మార్చుకుంటుంది.

పన్నెండు వారాల కాంట్రాక్టు.
నలభై మూడు పడవలు, రెండు ఆవిరి గదులు,
మూలిగే మంచు యంత్రం ఒకటి,
పదకొండేళ్ల తూకం పుస్తకాలు,
అన్నిటినీ ఒక్క తెర మీదికి ఎక్కించాలి.
"ఇక ఊహలు కట్టిపెట్టి అంకెలతో మాట్లాడదాం"
అన్నాడు అధ్యక్షుడు ఎవారిస్తో, టై సర్దుకుంటూ.
ఆ టై మళ్లీ చివరి రోజునే కనబడింది.

మొదటి నెలంతా కడగడమే.
ఒకే పడవకు మూడు స్పెల్లింగులు.
ఒక ఏడాది మొత్తం నెల ముందు, తేదీ వెనక.
ఒక పేజీలో కూడిక ఉండాల్సిన చోట
గుండ్రంగా గిన్నె మరక.
కాకిలెక్కలు, అని గొణుక్కున్నాను.
కిటికీ అవతల సముద్రపు కాకులు
తమనే అన్నట్టు లేచి అరిచాయి.

తూకం దగ్గర ఒతీలియా నవెల్కిన్.
ఉన్ని మేజోళ్లు, చెవి మీద పెన్సిలు.
ఏమడిగినా ఒకటే జవాబు:
"రాసే ఉంది కదా, చదువుకో."
శిక్షణకు రమ్మంటే వచ్చింది,
వెనక కూర్చుని పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ వింది.
పాస్‌వర్డు పెట్టుకోమన్నాను.
ఒక్కో మీటా వెతుక్కుంటూ నొక్కింది.
ఎనిమిది చుక్కలు.

తొమ్మిదో వారం గ్రాఫులు ప్రాణం పోసుకున్నాయి.
గాలివానకి రేవు మూసిన రోజులన్నిటికీ
బూడిదరంగు పులిమాను.
బూడిద మీద ఏమీ ఉండకూడదు.
ఉంది.
ప్రతి శుక్రవారం ఒక చుక్క.
పడవ నంబరు పంతొమ్మిది, ముప్పై ఒక్క కిలోలు.
చెట్లు కూలిన తుపానులోనూ ముప్పై ఒకటే.
సముద్రం ఎర్రబడి, విషమెక్కి,
ఆల్చిప్ప ముట్టుకుంటే జరిమానా అన్న నెలలోనూ
ముప్పై ఒకటే.

దొంగ దొరికాడనుకున్నాను, నిజం చెప్పాలంటే
కొంచెం సంతోషపడ్డాను కూడా.

మంచు యంత్రం కుర్రాణ్ణి అడిగితే నవ్వాడు.
"బౌదీలియోదా? అది మునిగి ఆరేళ్లు.
మనిషి తేలలేదు.
శుక్రవారం వాళ్లావిడ వచ్చి కవరు పట్టుకెళ్తుంది.
అందరికీ తెలుసు కదా!"

అందరికీ తెలుసు.
బౌదీలియో.
వాళ్ల లిపిలో ఎన్ని అక్షరాలో
వేళ్ల మీద లెక్కపెట్టి
చేయి జేబులో పెట్టుకున్నాను.

ఒక్క ఫిల్టరు చాలు, ఆ చుక్క మాయం.
చివరి రాత్రి పెట్టాను, తీశాను,
మళ్లీ పెట్టాను.
పొద్దున్న తెర వెలిగేసరికి
ఏది వదిలేశానో నాకే గుర్తులేదు.

చుక్క ఉంది.

తడి కోట్ల వాసన. పొయ్యి చిటపట.
ఎవారిస్తో లేచి తెర దగ్గరికి నడిచి
ఆ చుక్కల వరసని వేలితో
ఈ చివర నుంచి ఆ చివరికి రాశాడు.
"ఆరేళ్లుగా గీత లేవనే లేదు," అన్నాడు.
"డీజిలు ఎంతయింది? పిండి ఎంతయింది?
ముప్పై ఒకటి ఎలా సరిపోతోంది ఆవిడకి?"

"ఎవరి వాటాలోంచి?" అన్నాడు చిగ్వాయ్.
అతనిదీ తప్పు కాదు, అతనికీ అప్పులున్నాయి.
రెండు గంటలు అరుచుకున్నారు.
ఒతీలియా తల ఎత్తలేదు,
కట్టెలు మాత్రం అయిపోయాయి.
చివరికి చేతులు లేచాయి, చిగ్వాయ్ కూడా లేచాడు,
కానీ తలుపు వైపు.
ఆ సాయంత్రం తెర మీద
నలభై మూడు నలభై రెండయింది.

కొత్త కాలమ్ కావాలన్నారు.
పేరేమిటంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
శీర్షిక లేకుండానే వదిలాను,
నా పనిలో అది నేరం.

వారం తర్వాత శాంతియాగోలో, మెట్రోలో,
అలవాటుగా ఫోను తెరిచాను.
శుక్రవారం.
పడవ పంతొమ్మిది: ముప్పై ఎనిమిది కిలోలు.
నమోదు చేసినవారు: ఓ. నవెల్కిన్.
సమయం: ఉదయం ఆరూ పది.
రేవు: మూసి ఉంది.