నిండని ఏళ్ళు

న్యూకాజిల్ నుంచి ఉత్తరం వచ్చింది.
గోధుమరంగు కవరు, లోపల మూడు పేజీలు,
ఒల్యావ్ ఎండకి అంచులు అప్పుడే వంకర తిరిగాయి.

నా బతుకంతా వరసగా వేసి పంపారు,
ఏప్రిల్ నుంచి ఏప్రిల్ దాకా కోసిన ముక్కలు.
కొన్నిటికెదురుగా: నిండింది.
ఏడింటికెదురుగా: ఈ ఏడాది నిండలేదు.

నెలలు నిండటం విన్నాను.
నూరేళ్ళు నిండటం చూశాను,
అత్తగారు ఎర్మెలిందా మంచం పక్కనే కూచుని.
ఏడాది నిండకపోవడమేమిటో
ఇదే మొదలు.

పూర్తి పింఛనుకి ముప్ఫై అయిదు కావాలట.
నాకున్నవి ఇరవై తొమ్మిది.
మిగతావి కొనుక్కోవచ్చు.
కొనుక్కోవడం అని వాళ్ళు రాయలేదు, అర్థం మాత్రం అదే:
డబ్బు కడితే
గడిచిపోయిన ఏడాది పడుకున్నచోటే లేచి నిండుతుంది.

ఫోన్ చేశాను. యాభై నిమిషాలు వయొలిన్.
తర్వాత ఒక కుర్రగొంతు, వేల్స్ యాస ఎక్కడో తగిలింది.
"ఒక్కో ఏడూ ఎనిమిదొందల చిల్లర పౌండ్లండీ.
పింఛను మొదలయ్యాక మూడేళ్ళు బతికితే చాలు,
గిట్టుబాటే."
నేను నవ్వాను. తనూ నవ్వి, నాలిక కరుచుకున్నాడు.

రాత్రి వల బాగుచేస్తూ అదెలీనో అంతా విన్నాడు.
"అంటే, ఎప్పుడో పాడైన చేపలకి
ఇప్పుడు ఐసు కొనడమన్నమాట."
కాదన్నాను.
కాసేపాగి, కొంచెం అవునన్నాను.

ఆ ఏడింటిలో నాలుగు వాళ్ళమ్మవి.
రోజుకి మూడుసార్లు పక్కకి తిప్పి పడుకోబెట్టేదాన్ని.
చెంచాడు సూపులో సగం లోపలికి, సగం గడ్డం మీదికి.
చివరిదాకా నన్ను "ఆ ఇంగ్లీషుది" అనే పిలిచింది.
కాదు వేల్స్ అని చెప్పడం రెండో ఏట మానేశాను.
ఒక్క పూట ఖాళీ లేని ఆ నాలుగేళ్ళూ
న్యూకాజిల్ పుస్తకంలో ఖాళీ.
అప్పుడెవరూ కూలివ్వలేదు.
ఇప్పుడు ఆ కూలి
నేనే కట్టాలి.

రెండు, టూరిస్టుల ఇళ్ళలో దుప్పట్లు ఉతికినవి.
మడిచి చేతిలో పెట్టిన నోట్లు, ఏ లెక్కకీ ఎక్కనివి.
వాటిని నిండలేదంటే ఒప్పుకుంటాను.

ఒకటి కులాత్రా దీవిలోది.
ఆ ఏడు ఏం చేశామంటే చెప్పడానికి పెద్దగా లేదు.
పడవ ఇంజను చెడింది, బాగుచేయించే స్తోమత లేదు.
నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బురదలో ఆల్చిప్పలు ఏరాం.
తలుపు ఎప్పుడూ తీసే ఉండేది, ఇసుక మంచందాకా వచ్చేది.
యాభై దగ్గరపడ్డాక నేను
ఈత నేర్చుకున్నాను.

కావలసినవి ఆరే. ఒకటి వదిలేయాలి.
"ఖరీదెక్కువ ఉన్నది వదిలెయ్," అంది చెల్లెలు నెరిస్,
లెక్కలు తెలిసిన మనిషి.
చూస్తే అది అత్తగారి ఆఖరి ఏడు,
మిగతావాటి కన్నా నలభై పౌండ్లు ఎక్కువ.
పోయాక కూడా తగ్గలేదు ఆవిడ.

బ్యాంకులో కుర్రాడు దేనికి కడుతున్నానని అడిగాడు.
"రెండువేల తొమ్మిదికి," అన్నాను.
గోడమీది క్యాలెండరు వైపు చూశాడు, నా వైపు చూశాడు.
పద్దెనిమిది అంకెల నంబరు
రెండుసార్లు చదివించుకున్నాడు,
వేలంలో బుట్టలు లెక్కపెట్టినంత గట్టిగా.

అత్తగారివి నాలుగూ కట్టాను, ఆ నలభైతో సహా.
దుప్పట్లవి రెండూ కట్టాను.
కులాత్రా ఏడు అలాగే ఉంది కాగితం మీద,
నిండలేదనే.
ఉండనీ.

ఇంటికొచ్చేసరికి అదెలీనో పెరట్లో చేపలు కాలుస్తున్నాడు,
కళ్ళనిండా పొగ.
"ఎంత మిగిలింది?" అన్నాడు.
"ఒకటి," అన్నాను.

డబ్బు సంగతి అడిగాడని
పళ్ళెం అందుకున్నాకగానీ
నాకు తట్టలేదు.