తొమ్మిది నిమిషాలు

తంగసాల వీధి వెనక, కొండిత్తోపు వైపు తిరిగే సందులో
రెండో అంతస్తు.
మెట్ల మీద తెల్లటి అడుగులు చూశావు గదా, గజేంద్రా,
అవి నావే.
ఇరవై రెండేళ్లుగా ఎంత కడుక్కున్నా
గోళ్ల సందుల్లో నాతో పాటు బస్సెక్కే పిండి ఇది.

ముందు మూతికి గుడ్డ కట్టుకో.
నాకు ముందు ఈ పని చేసిన వీరాసామి దగ్గు
సందు చివర టీ బంకు దాకా వినపడేది.

కిలో పిండికి నాలుగు వందల గ్రాముల నీళ్లు.
నీళ్లలో పిండి వెయ్యాలి, పిండిలో నీళ్లు కాదు.
తడి తగిలిన క్షణం నుంచి తొమ్మిది నిమిషాలు నీవి,
ఆ తర్వాత అది ఎవరి మాటా వినదు.
ఇది దోసెల పిండి కాదు, రేపటికి దాచుకోడానికి.

వాక్యూమ్ గంట కింద పాలు పొంగినట్టు పొంగుతుంది.
భయపడకు. లోపలి గాలి పోతోంది, అంతే.
పోకుండా ఒక్క బుడగ మైనాన్ని పట్టుకుందా,
రేపు ముక్కుపుడక మీద వెండి పొక్కు.
ఆచారి దానికి నీ పేరే పెడతాడు.

మైనపు చెట్టు ఫ్లాస్కులో నిలబడి ఉంటుంది,
కొమ్మకొమ్మకీ ఉంగరాలు.
నెత్తి మీద పొయ్యకు,
గోడ వెంట జార్చు, పసిదానికి తలంటినట్టు.
కాసేపటికి పిండి ముఖంలో నిగనిగ పోతుంది.
అప్పుడు చెయ్యి ఆనించి చూడు,
ఎవరూ మంట పెట్టకుండానే ఒళ్లు కాలుతూ ఉంటుంది.
రెండు గంటలు దాని జోలికి పోకు.

రాత్రంతా ఫర్నేసు.
నూట యాభై దగ్గర మైనం కారిపోతుంది. అక్కడ ఆగు.
తొందరపడితే తడి ఆవిరై గోడలు చీల్చుకుంటుంది.
రెండు వందల డెబ్భై దగ్గర ఇంకో గండం,
పిండిలో ఇసుక జాతిది ఒకటుంది,
అక్కడ ఉన్నట్టుండి ఒళ్లు విరుచుకుంటుంది.
ఏడు వందల ముప్పై దాటనిచ్చావో
గంధకం వాసన,
పోసిన వెండి నిండా సూది గుంతలు.
అంత నిప్పు ఓర్చుకున్నది
ఇంకో పాతిక డిగ్రీలకు పాడైపోతుంది, ఎందుకో.

పోయిన కార్తీకంలో మూడు రోజులు వాన.
డబ్బాలో పిండికి చెమ్మ పట్టింది, అయినా కలిపాను.
రాత్రి ఒకటీ నలభైకి కరెంటు పోయింది.
ముళ్లు వెనక్కి తిరుగుతుంటే
టార్చి పట్టుకుని కూర్చున్నాను. ఏం చెయ్యగలను?
లోపల ఎక్కడో చిట్లిన చప్పుడు,
పెంకు మీద గోరు గీసినంత.

తెల్లారి పోత పోసి, బకెట్లో ముంచితే
బుస్సుమని పిండి విడిపోయి
చెట్టు బయటికొచ్చింది,
రెండు ఉంగరాల నడుమ ఉల్లిపొర లాంటి వెండి రేకుతో.
పగులు ఎటు పోయిందో వెండీ అటే పోయింది.
"ఎవరి ఫ్లాస్కు ఇది, తాయారూ?"
నాదే అన్నాను.

మునిరత్నం ఆచారి తిట్టలేదు. అదే భయం.
ఆకురాయి తీసుకుని రేకు అరగదీస్తూ అరగదీస్తూ
మూడో ఉంగరం దగ్గర ఆగాడు.
కళ్లద్దం వేసుకున్నాడు.
దోమ.
మైనం మీద వాలి అంటుకుపోయిందో ఏమో,
మైనంతో పాటు కాలిపోయింది, చోటు మిగిలింది.
పిండికి ఉంగరమేదో దోమేదో తెలీదు గదా,
రెంటినీ ఒకే శ్రద్ధగా పట్టుకుంది.
వెండిలో ఆరు కాళ్లూ ఉన్నాయి. ఒకటి కొంచెం వంకర.

"కరిగించాలి," అన్నాడు.
నాకివ్వమన్నాను.
తూచాడు. మూడు గ్రాముల నాలుగు వందల మిల్లీలు.
నా జీతం పుస్తకంలో రాసుకుని ఇచ్చాడు.
పనిలో ఉన్నప్పుడు తియ్యాల్సిందే, అందుకే కొంగున ఉంటుంది.
తర్వాత చూపిస్తాలే.

ఇంకో మాట. గిన్నెలో మిగిలింది సింకులో పొయ్యకు,
పైపులో రాయవుతుంది,
కింది కొట్టు సేఠ్ పైకొచ్చి అరుస్తాడు.

ఊఁ, పిండి వెయ్యి.
గడియారం నేను చూస్తాను.