ఫుట్‌వాల్వ్

కల్వకుర్తి చుట్టు పదూళ్ల బోర్లల్ల
నీళ్లెందుకొస్తలేవో
పైపుకు చెవిబెట్టి చెప్పెటోన్ని.
నా సంగతి నాకు తెల్వలే.

ఏడేండ్లు మణెమ్మ
చెట్లమందులు తాగింది.
ట్యూబుల పరీక్షకు మంచంపట్టె పట్టుకొని
పండ్లు కొరుక్కుంది.
నన్నెవ్వరడగలే.
నేను గూడ చెప్పలే,
సుఖమైతది గని సుక్క రాదని.

పాలమూరు దవఖానల డాక్టరు
"అయినంక మూత్రం పట్టి తే" అన్నడు.
డబ్బా తువ్వాలల చుట్టుకొని
దొంగలెక్క పోయిన.

రిపోర్టు జూసి కాయితం మీద గీసిండు:
"షుగరు నరాలను తిన్నది.
మూత్రసంచి మూతి మూసుకుంటలేదు,
ముందుకు రావాల్సింది ఎనకకు పోతంది."

"ఫుట్‌వాల్వ్ లీకేజి" అన్న.
ఆయన నవ్విండు.
నాకు ఏడుపొచ్చింది:
విత్తనం ఉన్నది, దారే తప్పింది.

మూడు నెలలు గోలీలు మింగిన. గుణమియ్యలే.
ఇగ మూత్రంల నుంచే ఏరి, కడిగి
గర్భంల పెడతరట.
పులుపుకు అవి బతకవు,
ముందునాడు సోడా తాగాలెనట.

ఈ రాత్రి మణెమ్మ
మిర్చిబజ్జీలకు దాచిన తినేసోడా
గిలాసల కలుపుతంది.
చెంచా సప్పుడు.
"ఉప్పగున్నదా?" అనడిగింది,
ఏడేండ్ల కషాయాల నోటితోని.

ఏం మాట్లాడలే.
తాగి,
గిలాస బోర్లించి సూపిచ్చిన.