బ్రేకు సర్టిఫికెట్

హైదరాబాదు నుంచి కాగితమొచ్చింది.
కట్కూరి శౌరి, వయసు ఇరవై తొమ్మిది,
పెద్ద క్లబ్బుకు కోచ్‌గ పనికొస్తడా,
ఆరు గళ్లల్ల టిక్కు పెట్టి పంపుమన్నరు.
నన్నెందుకడిగిన్రంటే
కాజీపేట రైల్వే గ్రౌండుల
సిమెంటు మెట్టు మీద ఎండకు వానకు కూసునే ముసలోణ్ణి
నేనొక్కణ్నే.

ముప్పై నాలుగేండ్లు గూడ్సు గార్డుగ చేసిన.
ఎనక డబ్బాల ఒంటిగ కూసోని
యాభై ఎనిమిది బొగ్గు వ్యాగన్ల అవుతల
ముంగట ఏమైతందో అందాజ కట్టుడే కొలువు.
బండి కదలాలంటే ముందుగాల
బ్రేకు సర్టిఫికెట్ చేతికి రావాలె.
ఇంజను ఎంత గట్టిదో అండ్ల రాయరు.
నూటికి ఎన్ని బ్రేకులు పడుతున్నయో, గదొక్కటే.

శౌరిని చూడవట్టి నాలుగేండ్లాయె.
మొదటేడు ఊకె ఒర్రేటోడు.
గొంతు పోయి, సీసల ఉప్పునీళ్లు తెచ్చుకునేటోడు.
బల్లార్షా లైన్ల గూడ్సు పోతుంటె
దేవుడొచ్చి చెప్పినా ఎవ్వనికి వినవడదని ఎరుకైనంక
చేతులతోని చెప్పుడు మొదలువెట్టిండు.
అరచెయ్యి కిందికంటె ఆగు.
రెండేళ్లంటె ఎడమకు జరుగు.
చెవి పట్టుకున్నడంటె, నిన్ననే చెప్పిన గదరా.
ఇంటికాడ నా మనుమడు
అన్నం చాలంటె అరచెయ్యి కిందికే చూపిస్తడు.

మొదటి గడి: ఒత్తిడిలో నిర్ణయాలు.

గోదావరిఖనితోని సెమీస్.
రెండు ఒకటి, మనమే మీదున్నం,
పదకొండు నిమిషాలు మిగిలినయ్.
బానోత్ సురేందర్ మోకాలు పట్టుకోని లేచిండు,
"నడుస్తది సార్" అన్నడు.
మార్చేటోళ్లను అప్పటికే మార్చిండు, బెంచీ ఖాళీ.
శౌరి వాని మొఖం చూడలే, మోకాలు చూసిండు.
బయటికి తీసిండు.
పది మందితోని ఆడిచ్చిండు.
మూడు రెండు ఓడినం.
సెక్రటరీ ఐలయ్య కుర్చీ తన్ని పోయిండు.
అందరు పోయినంక
నల్లా కాడ వంగి శౌరి వాంతి చేసుకున్నడు, అదీ చూసిన.
గీ రెండిట్ల గడిల ఏది రాయాలె?

మంచోడని రాస్తలేను.
అజ్మత్ అని గోల్‌కీపరుండె, బంగారమసొంటి పోరడు,
ఒక్క బంతి చేతులకెల్లి జారినందుకు
రెండు నెలలు పక్కకు వెట్టిండు.
వాడు మళ్ల రాలే.
ఇప్పుడు హన్మకొండ చౌరస్తాల టైల్సు మోస్తండు.
శౌరి బండి ఆ దుకాణం ముంగటికెల్లి పోదు,
సందులకెల్లి చుట్టు తిరిగి పోతది.
పస్తాయించుడుకు ఏ గడీ లేదు.

ఇగ అసలు మాట, దాచుడెందుకు.
నా మనుమడు లెఫ్ట్ బ్యాకు. పదిహేనేండ్లోడు.
శౌరి పోతె వాని గతేంది?
"ఇంక పచ్చిగున్నడు, రెండేండ్లు ఆగుర్రి" అని రాసేటందుకు
పెన్ను దానంతటదే ఉరుకుతంది.

సర్వీసుల ఒక్కసారి,
అన్ని బ్రేకులు మంచిగ పడుతుండంగ,
ఇంటి మీద మనసు గుంజి
అనుమానమున్నదని రాసి నలభై నిమిషాలు బండి ఆపిన.
ఎవ్వరు పట్టుకోలే.
ఆ నలభై నిమిషాలు ఇంక నాతోనే నడుస్తున్నయ్.

ఇయ్యాల ప్రాక్టీసైనంక బంతులు లెక్కవెట్టిన్రు.
ఒకటి తక్కువ.
పట్టాలవుతల, సర్కారు తుమ్మలల్ల.
పోరగాండ్లు ఉరకబోయిన్రు.
అరచెయ్యి కిందికి. అందరు ఆగిన్రు.
తనే పోయిండు.

పొద్దు గూకింది. దూరంగ సిగ్నలు రంగు మారింది.
మెట్టు మీదికెల్లి లేచి నిలవడ్డ,
జేబుల కాగితం మడత మీద మడత.
ఎడమకు చూసిన. కుడికి చూసిన.
తుమ్మలల్లకెల్లి బంతి చంకల వెట్టుకోని
వాడు తలెత్తి నా దిక్కే చూస్తండు,
రావచ్చునా అన్నట్టు.