ముందు చివరి పేజీ చూడు

మంచి పుస్తకం ఏదైనా చెప్పమన్నావు కదా మార్లిస్,
కూర్చో. కాఫీ అడుగంటింది గానీ వేడిగానే ఉంది.
బాయిలరు మూలిగినప్పుడల్లా
ఈ నేలమాళిగలో అలమార అద్దాలు గజగజలాడతాయి,
పట్టించుకోకు.
ఇరవై రెండేళ్ళుగా చర్చి పుస్తకాలకి కాపలా నేనే.
సగం కొన్నవి.
సగం, పోయినవాళ్ళ ఇళ్ళనుంచి
యాపిల్ పెట్టెల్లో వచ్చినవి.

పై వరసవి నీకొద్దు.
గోధుమ చేలో బోనెట్ కట్టుకుని
ఎటో చూస్తూ నిలబడ్డ పిల్ల, ప్రతి అట్ట మీదా అదే పిల్ల,
చేతులకి ఒక్క కాయ కూడా కాయలేదు.
నూట తొంభయ్యో పేజీలో అతనికి మారుమనస్సు,
రెండొందల పదిలో పెళ్ళి.
నేనూ చదివాను, అబద్ధమెందుకు,
మోకాలి ఆపరేషనప్పుడు వారానికి నాలుగు చొప్పున
దగ్గుమందులా మింగాను. వాటి మేలు వాటిది.
కానీ వాటిలో ప్రార్థన ‘ఆమేన్’ దాకా రాకముందే
వాన పడుతుంది.
సౌత్ డకోటా వాళ్ళం, వాన సంగతి మనకి చెప్పాలా?
ఎనభై ఎనిమిదిలో జూన్ అంతా మోకాళ్ళ మీదే ఉన్నాం.
మొక్కజొన్న మోకాలెత్తు లేవలేదు.

అంత్యదినాల నవలలు ఆ కిటికీ కింద.
అవి మగవాళ్ళవి. ట్రాక్టర్లో కూర్చుని
వేళ్ళు మడిచి సంవత్సరాలు లెక్కేసుకుంటారు.

రెండో వరసలో పడవ బొమ్మది బాగుంటుంది,
లేబ్రడార్ తీరంలో ఒక నర్సు కథ.
దేవుడు ఒక్క మాటా మాట్లాడడు అందులో,
రాత్రంతా కుక్కలు మొరుగుతాయి, అంతే.
బెవర్లీకి నచ్చలేదు.
బెవర్లీకి నచ్చనిదేదైనా కళ్ళు మూసుకుని తీసుకెళ్ళు.

అయినా నీకివ్వాలనుకున్నది అలమారలో లేదు.
నా పికప్ డాష్‌బోర్డు అరలో ఉంటుంది. ఇదిగో.
ఒక పాస్టరు.
మూడో అధ్యాయంలో అతని విశ్వాసం పోతుంది.
ఉరుము లేదు, పాపం లేదు, పరాయి ఆడది లేదు,
చేతి గ్లవ్వు ఒకటి ఎక్కడో జారిపోయినట్టు.
ఆ తర్వాత నూట నలభై పేజీలు
ప్రతి ఆదివారం చీకటితో లేచి
గుడి మెట్ల మీద మంచు తోస్తాడు.
వచ్చేవాళ్ళు జారిపడకూడదు కదా.
పోయింది తిరిగొస్తుందా అంటే
చెప్పను. రాసినామె కూడా చెప్పలేదు.

కమిటీ దీన్ని అలమారలోంచి తీసెయ్యమంది.
తీసేశాను.
ఎక్కడ పెట్టాలో వాళ్ళు చెప్పలేదు.

వెనక అట్ట లోపల చూడు.
మనవాళ్ళ అలవాటు తెలుసుగా,
చదివింది మళ్ళీ తీసుకెళ్ళకుండా
పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటారు.
ఆ మూడు చుక్కలు నావి.
ఆ వాలు గీత లియోనాది. అవును, ఆ లియోనాయే,
కీర్తనల్లో మనందరి గొంతులూ ముంచేసేది.
కింద, కొసలు కలవని సున్నా ఒకటి ఉంది చూశావా,
అది
ఆర్విడ్‌ది.

విత్తనాల కేటలాగు తప్ప ఏమీ చదవడనేదానివి.
మూడు చలికాలాలు ఇదే తీసుకెళ్ళాడు.
కౌంటీ మంచుబండి తోలే రోజుల్లో
తెల్లారి నాలుగింటికి, ఇంజను వేడెక్కేలోపు
రెండేసి పేజీలు చదివేవాడట.
నూట అరవై మూడో పేజీ మూలన
డీజిల్ వేలిముద్ర ఉంటుంది.
ఒకసారి రబ్బరుతో తుడవబోయాను. పోలేదు.
పోనీలే అనుకున్నాను.

నీకు చెప్పొద్దన్నాడు. ఏడేళ్ళు చెప్పలేదు.
ఇప్పుడు ఆ మాట ఎవరికి బాకీనో నాకు తెలీదు.

ఏమీ అనకు. ముందు కోటు బొత్తాలు పెట్టుకో.
ఆ పేజీ దగ్గరికి ఉరకకు, మొదటినుంచి రా.
గడువు ముద్ర వెయ్యడం లేదు.
బెవర్లీ అడిగితే కేకుల పుస్తకమని చెప్పు.
పెన్సిలు లోపలే పెట్టాను,
బెత్తెడు కూడా లేదు, మొన అరిగింది.
నీ గుర్తేమిటో
నువ్వే ఆలోచించుకో.