ఒక్క కుట్టు తప్ప

అరవై తొమ్మిదో ఏటి పాంటియాక్.
ముదురాకుపచ్చ. నాలుగు గేర్లు, చేత్తో వేసేవి.
నాలుగు వందల ఘనపుటంగుళాల ఇంజను,
పుట్టినప్పటిదే. నంబర్లు కలుస్తాయి, చూసుకోవచ్చు.
బేరాలు వద్దు. పొద్దున తొమ్మిదికి ముందు తలుపు కొట్టొద్దు.

ఇంతవరకు రాసి
అట్ట మీద స్కెచ్ పెన్ను ఆపాను.
"అన్నీ కొత్తవే" అని రాయాలి.
రాస్తే అబద్ధం.

ఫ్లింట్ చలికాలం ఎరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు,
మంచు కరగాలని రోడ్ల మీద చల్లే ఉప్పు
మంచుతో సరిపెట్టుకోదు.
పదకొండేళ్ల కిందట ఒకడి కొట్టం వెనక దొరికినప్పుడు
దీని అడుగు జల్లెడ.
డిక్కీలో రకూన్ కాపురం, పిల్లాజెల్లాతో.
బెర్నార్డ్ టార్చి వేసి చూసి
"ఆర్లీటా, ఇది కారు కాదు, కారు తాలూకు జ్ఞాపకం" అన్నాడు.
అన్నవాడే మర్నాడు వెల్డింగు సామాను దించాడు.

వెనక సీటు ఊడదీసింది నేను.
ఎడమ మూల, తొడుగు మలుపు దగ్గర
అంగుళంన్నర మేర
కుట్టు మీద కుట్టు, వంకరగా.
పక్కన తుప్పురంగు మరక.

పంతొమ్మిదేళ్లు నాకప్పుడు.
గంటకిన్ని సీట్లని లెక్క.
వెనకాల హోల్ట్స్‌క్లా, అతని చేతిలో గడియారం.
సూది బొటనవేలి గోట్లో దిగి అవతల తేలింది.
బెల్టు ఆగలేదు. నేనూ ఆగలేదు.
పేలిక చుట్టుకుని, తప్పిన చోట మళ్లీ కుట్టి
ముందుకి తోసేశాను.

అలా ఎన్ని వేలు కుట్టానో.
అందులో ఒకటి నలభై అయిదేళ్లు ఎక్కడెక్కడో తిరిగి
నా గరాజుకే వచ్చిందంటే
బెర్నార్డ్ నమ్మలేదు.
"ఊళ్లో వంకర కుట్లు నీ ఒక్కదానివేనా?"
కాకపోవచ్చు.
బొటనవేలు తీసుకెళ్లి మరక పక్కన పెట్టాను.
గోరు నడుమ గీత ఇప్పటికీ అలాగే ఉంది.
అదేం రుజువు కాదు.
ఆ సీటు మాత్రం మార్చనివ్వలేదు.
రెండు వారాలు మాటల్లేవు మాకు,
రంగు డబ్బా అందించమన్నప్పుడు తప్ప.

శనివారం ఇండియానా నుంచి ఓ కుర్రాడొచ్చాడు, ట్రెంట్ అట.
జేబులోంచి అయస్కాంతం తీసి
రేకు పొడుగునా పాకించాడు.
జారిన చోట లోపల ముద్ద పూసినట్టు.
ఎక్కడా జారలేదు.
బెర్నార్డ్ ఉంటే ఈల వేసేవాడు.
తాళం తిప్పితే
గోడకి వేలాడే రెంచీలన్నీ గలగలమన్నాయి.
పిల్లాడి మొహం వెలిగింది,
వెంటనే ఆర్పుకున్నాడు, కొనడానికొచ్చినవాడు కదా.

చివరికి వెనక సీటు.
"ఇదొక్కటీ మార్చలేదేం? రెండు వేలు తగ్గించాలి."
"దానికి రెండు వేలు ఎక్కువ" అన్నాను.
నవ్వాడు. నేను నవ్వలేదు.
ఎందుకని అడుగుతాడేమో అని చూశాను.
అడిగుంటే పాత ధరకే ఇచ్చేదాన్ని.
అడగలేదు.
కారు చుట్టూ మరో ప్రదక్షిణం చేసి
ఆ రెండు వేలూ కలిపి
నోట్లు లెక్కపెట్టాడు, తడి వేలితో, రెండుసార్లు.

మలుపు దాకా చెవులతోనే సాగనంపాను.
ఒకటి. రెండు.
మూడో గేరుకి తొందరపడ్డాడు.
ఇంజను ఓసారి దగ్గి, సర్దుకుంది.
నేర్చుకుంటాడు.

లోపలికొచ్చి
ఆ సగం రాసిన అట్టని
నేల మీది నూనె మరక మీద పరిచాను,
రాసిన వైపు కిందికి.