మూడో రోజు తర్వాత

బజారు గేటు పక్క ఇనుప కొట్లో
వాలెరా అమ్మే డిస్కుల మీద బొమ్మలుండవు.
నీలి స్కెచ్ పెన్నుతో వంకర అక్షరాలు:
"వేట. పనిచేస్తుంది."
వంద రూబుళ్ళు. అసలుదైతే మా అమ్మ వారం జీతం.
ఆ రోజు మైనస్ నలభై ఆరు.
చలికి పగిలిపోతుందేమోనని
చొక్కా లోపల, పొట్టకానించి తెచ్చాను.

మొదటి రోజు రెండు దుప్పులు. రెండో రోజు ఎలుగు.
లైసెన్సు అడగదు, తూటాలు తరగవు,
పడ్డవాటి కొమ్ములు కొలిచి గంట మోగిస్తుంది.
మూడో రోజు తర్వాత
అడవి ఖాళీ.

చెట్లున్నాయి. మంచు పడుతూనే ఉంది.
ఎక్కడో వడ్రంగిపిట్ట చప్పుడు కూడా.
అడుగుజాడలు మాత్రం నావే.
బళ్ళో ప్రోకోపీ చెప్పాడు,
దొంగ కాపీ అని పసిగడితే
ఆట చేసినవాళ్ళు జంతువుల్ని తోలుకుపోతారట.
వాలెరాని ఏమని నిలదీస్తాను?
దొంగకు తేలు కుట్టినట్టు
(మా విల్యుయ్ ఒడ్డున తేలు బతకదు గానీ)
కిక్కురుమనకుండా నడిచాను.

అప్పుడొచ్చి నా వెనక కూర్చున్నాడు ఖబిరిస్ పెదనాన్న.
శుక్లాలు కమ్మిన ఏడాది తుపాకీ ఠాణాలో అప్పగించి
కిటికీకేసి తిరిగి టీ తాగుతూ ఉండిపోయిన మనిషి.
తెర మీద తెలుపూ నలుపూ మాత్రం పోల్చుకుంటాడు.
"గాలి నీ వీపు మీంచి పోతోంది. చుట్టూ తిరిగి వెళ్ళు."
గాలేంటి పెదనాన్నా, ఇది ఆట.
"అయితే మంచు ఎటు వాలుతోందో చూడు."

వాగు దాటించాడు. లార్చ్ చెట్ల కింద
అరగంట కదలనివ్వలేదు.
మీట మీద నా వేలు తిమ్మిరెక్కింది.
ఏదీ రాలేదు.
"ఇవాళ బయనాయ్‌కి ఇవ్వాలని లేదు," అంటూ లేచి
పొయ్యి తలుపు తీసి
తన రొట్టెలో వెన్న ఎక్కువున్న ముక్క
అడవి సామి పేర నిప్పుకి పెట్టాడు.

ఆ చలికాలమంతా సాయంత్రాలు వేటకెళ్ళాం,
ఒక్క తూటా పేల్చకుండా.
ఏం దొరికిందని అమ్మ వంటింట్లోంచి అడిగేది.
"జాడ," అనేవాడాయన.
నాకైతే ఒక్కనాడూ కనబడలేదు.

పదకొండేళ్ళ తర్వాత
బాయిలర్ హౌసులో తొలి జీతం అందుకుని
అదే ఆట కొన్నాను. అసలుది. రసీదు కూడా వచ్చింది.
నాలుగో రోజు పొద్దున్నే దుప్పులు
బస్సు కోసం వచ్చినట్టు గుంపుగా వచ్చి
నా ముందు నిలబడ్డాయి.
కాల్చాను. గంట మోగింది.
మళ్ళీ కాల్చాను.
గాలి ఎటుందో ఎవరూ అడగలేదు.

వాలెరా డిస్కు సొరుగులో ఉంది, గీతలు పడి.
దాన్ని తిప్పే పెట్టె కోసం
ఊరంతా అడుగుతున్నాను.